సముద్రతీర నగరంలో బెల్టు ఆయువు: పైపొర కింది సంగతులు

విశాఖపట్నంలో జగదాంబ కూడలి నుంచి పూర్ణా మార్కెట్‌కు వెళ్లే దారిలోనూ, డాబా గార్డెన్స్ ఫుట్‌పాత్‌ల మీదా, గాజువాక దుకాణాల ముందూ కొక్కేలకు వేలాడే బెల్టులన్నీ కొన్న రోజున దాదాపు ఒకేలా ఉంటాయి. నలుపో గోధుమరంగో, పైన మంచి మెరుపు, వెనుకవైపు ‘ఒరిజినల్ లెదర్’ అన్న ముద్ర. ఏడాది తిరిగేసరికి మాత్రం ఒకదానికీ మరొకదానికీ పోలిక ఉండదు. ఒక బెల్టు పైపొర పెచ్చులుగా లేచి చొక్కాకు నల్లటి తునకలు అంటిస్తుంది. మరొకదాని బకిల్ మీద తెల్లటి పొక్కులు వస్తాయి. ఇంకొకటి నాలుగైదేళ్లు వాడినా కాస్త నల్లబడి, నడుము వంపుకు అలవాటుపడి, అలాగే ఉంటుంది. ఈ తేడాను కొనేవారు సాధారణంగా ధరకో, బ్రాండుకో ముడిపెడతారు. ధరకు కొంత పాత్ర ఉన్న మాట నిజమే కానీ, బెల్టు ఎన్నాళ్లు నిలుస్తుందన్నది ప్రధానంగా దాని లోపలి పొరలు ఏవి, బకిల్ ఏ లోహం, అవి ఈ ఊరి గాలికి ఎలా స్పందిస్తాయి అన్న వాటి మీద ఆధారపడి ఉంటుంది.

ముందుగా గాలి సంగతి. విశాఖలో ఏడాదిలో అధిక భాగం గాలిలో తేమ 70 శాతానికి పైనే ఉంటుంది. నైరుతి రుతుపవనాల వానలు వెళ్లీ వెళ్లకముందే బంగాళాఖాతంలో వాయుగుండాల కాలం మొదలవుతుంది కాబట్టి, జూన్ నుంచి నవంబరు దాకా బీరువాలోని వస్తువులు పూర్తిగా పొడిగా ఉండే రోజులు తక్కువ. బీచ్ రోడ్డు, పెదజాలరిపేట, సాగర్‌నగర్ వంటి సముద్రపు ఒడ్డు ప్రాంతాల్లో గాలితో పాటు ఉప్పు తుంపర కూడా వస్తుంది. దీనికి చెమట తోడవుతుంది. టక్ చేసుకున్నప్పుడు నడుము దగ్గర బనియను, చొక్కా, ప్యాంటు పట్టీ, దాని మీద బెల్టు, ఇలా నాలుగు పొరలు పడతాయి. ఒంట్లో గాలి ఆడని చోటు అదే. చెమటలోని ఉప్పు బనియనునూ చొక్కానూ తడుపుకుంటూ వచ్చి బెల్టు లోపలివైపుకు, బకిల్ వెనక్కు చేరుతుంది. మే నెలలో ద్వారకా బస్ స్టేషన్ నుంచి సిటీ బస్సులో స్టీల్ ప్లాంటు వరకు నిలబడి వెళ్లే ఉద్యోగి బెల్టు రోజుకు రెండుసార్లు తడిసి ఆరుతుంది.

పాడైపోయిన చవక బెల్టు ఒకదాన్ని బ్లేడుతో అడ్డంగా కోసి చూస్తే కథ చాలావరకు అర్థమవుతుంది. పైన కాగితమంత పలుచగా, రంగు వేసిన ప్లాస్టిక్ పొర కనిపిస్తుంది. దానిపై ఉన్న తోలు చారలు యంత్రంతో అచ్చొత్తినవి. జాగ్రత్తగా చూస్తే ఆ చారల క్రమం కొన్ని అంగుళాలకోసారి మళ్లీ మళ్లీ వస్తుంది. దాని కింద నేసిన బట్టో, నురుగులాంటి పదార్థమో ఉంటుంది. మధ్యలో అట్టలాంటి బూడిదరంగు దబ్బ. బెల్టుకు మందం, బిగువు తెచ్చిపెట్టేది ఇదే. అన్నిటికంటే కింద, నడుముకు ఆనుకునే వైపు, మరో పొర జిగురుతో అతికించి ఉంటుంది. చాలాసార్లు ‘లెదర్’ ముద్ర పడేది ఈ వెనుక పొర మీదే, అది నిజంగా పలుచటి తోలే కావచ్చు కూడా. అంటే ముద్ర అబద్ధం కానక్కర్లేదు. బెల్టు మొత్తం గురించి అది చెప్పేది మాత్రం చాలా తక్కువ. ఈ పొరలన్నీ విడిపోవడం ఎక్కడ మొదలవుతుందో కూడా గమనించదగ్గదే. రోజూ వాడే చిల్లు దగ్గర, బకిల్ చట్రం మీదుగా పట్టీ మడతపడే చోట, మొదటి పగులు వస్తుంది. అక్కడి నుంచి తేమ లోపలికి పోయి అట్టను ఉబ్బిస్తుంది. ఉబ్బిన అట్ట పైపొరను మరింత చీలుస్తుంది.

మార్కెట్‌లో తోలు పేరుతో అమ్ముడయ్యే వస్తువుల్లో కనీసం నాలుగు రకాలు ఉన్నాయి. చర్మం పైభాగంలో నారలు దట్టంగా అల్లుకుని ఉంటాయి; ఆ భాగాన్ని చెక్కకుండా వాడితే వచ్చేది అన్నిటికంటే గట్టి తోలు. మన దేశంలో బెల్టులకు విరివిగా వాడే గేదె తోలు మందంగా ఉంటుంది కాబట్టి, మూడున్నర నాలుగు మిల్లీమీటర్ల ఒకే ముక్కతో పట్టీ తయారుచేయవచ్చు. మందమైన చర్మాన్ని యంత్రంతో రెండు మూడు పొరలుగా చీల్చినప్పుడు వచ్చే కింది పొర రెండో రకం. నారలు వదులుగా ఉండే ఈ పొరకు పైన పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ పూత పూసి అసలు తోలులా కనిపించేలా చేస్తారు. మూడోది తోలు తునకలను పొడిచేసి జిగురుతో కలిపి పలకలుగా ఒత్తినది. నాలుగోది ఊళ్లో అందరూ రెక్సిన్ అని పిలిచేది: బట్ట మీద పాలీయురెథేనో, పీవీసీయో పూసిన కృత్రిమ పదార్థం. మొదటిదాన్ని తప్పిస్తే మిగిలిన మూడింటినీ కట్టిపడేసేది పూతలు, జిగుర్లే. విశాఖ వాతావరణానికి ముందుగా లొంగేవి కూడా అవే.

పాలీయురెథేన్ పూత పొట్టులా రాలిపోవడాన్ని చాలామంది రాపిడి వల్ల అనుకుంటారు. రాపిడికి ఇందులో కొంత వాటా ఉన్నా, అసలు పని నీటి ఆవిరిది. చవక పూతల్లో వాడే పాలీయురెథేన్ అణువుల గొలుసులో ఎస్టర్ బంధాలు ఉంటాయి. గాలిలోని తేమ ఆ బంధాలను నెమ్మదిగా తెంపుతుంది. తెగినచోట ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం తర్వాతి బంధం తెగడాన్ని వేగవంతం చేస్తుంది. ఒకసారి మొదలయ్యాక చర్య తనను తానే తరుముకుంటూ పోతుంది. వేడి ఎంత ఎక్కువైతే వేగం అంత ఎక్కువ. పెళ్లికి కొని ఒక్కసారే పెట్టుకుని, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా బీరువాలో దాచిన బెల్టు మూడేళ్ల తర్వాత తీసేసరికి జిగటగా మారి కవరుకే అంటుకుపోవడానికి కారణం ఇదే. పాత స్పోర్ట్స్ బూట్ల సోలు వాడకుండానే పొడిపొడిగా రాలిపోవడం కూడా ఈ కోవకు చెందినదే. కొత్తదనం పోకూడదని దాచిపెట్టే అలవాటు ఇటువంటి బెల్టుల విషయంలో ఏమాత్రం కలిసిరాదు. కొన్నాక వాడేయడమే లాభం.

పీవీసీ పూతది వేరే దారి. అందులో మెత్తదనం కోసం కలిపిన నూనెలాంటి పదార్థం కాలక్రమంలో బయటకు పోతుంది. బెల్టు గట్టిపడి మడతల దగ్గర పగుళ్లు వస్తాయి. తేమకు మాత్రం అది పాలీయురెథేన్ అంత తేలికగా కరగదు. అందువల్ల మెత్తగా, ‘తోలులాగే’ ఉన్న ఖరీదైన రెక్సిన్ కంటే కాస్త మొద్దుగా అనిపించే చవకది ఈ ఊళ్లో ఎక్కువ కాలం నిలిచే సందర్భాలు ఉంటాయి. వేలితో తడిమి మెత్తదనాన్ని బట్టి నాణ్యత నిర్ణయించే పద్ధతి ఇక్కడ పూర్తిగా తలకిందులవుతుంది.

ఫుట్‌పాత్ మీద అమ్మేవారు లైటర్ వెలిగించి బెల్టును మంటకు చూపి, కాలలేదు కాబట్టి తోలేనని నమ్మించడం తెలిసిందే. క్షణం పాటు తాకి వెళ్లే మంట దాదాపు ఏ మందపాటి పట్టీనీ అంటించదు. పూత పూసిన చీలిక తోలు కూడా ఆ పరీక్షలో నెగ్గుతుంది. ప్రదర్శన బాగుంటుంది గానీ దానివల్ల తేలేదేమీ లేదు. అంతకంటే నమ్మదగినది బెల్టు చిల్లులోకి తొంగిచూడడం. చిల్లు అంచున పట్టీ నిలువు కోత బయటపడి ఉంటుంది కదా: పైనుంచి కిందదాకా ఒకే రంగు నారలు కనిపిస్తే అది ఒకే ముక్క తోలు, మధ్యలో బూడిదరంగు అట్ట గానీ తెల్లటి నురుగు గానీ కనిపిస్తే పొరల బెల్టు. అంచులకు మందంగా రంగు పూసి చిల్లుల్ని కూడా కప్పేసిన బెల్టులు ఉన్నాయి, అటువంటప్పుడు పట్టీని వేళ్ల మధ్య గట్టిగా వంచి చూడాలి. మంచి తోలు మీద వంపు దగ్గర సన్నని ముడతలు పడి, వదలగానే సర్దుకుంటాయి. ప్లాస్టిక్ పూత మీద ఒకే వెడల్పు మడత పడుతుంది, లేదా పొర పైకి లేచినట్టు కనిపిస్తుంది.

అసలు తోలు అయినంత మాత్రాన చింత తీరిపోదు. తోలును ఊనే (పచ్చి చర్మం కుళ్లకుండా శుద్ధిచేసే) పద్ధతిని బట్టి కూడా తీరప్రాంతంలో దాని నడత మారుతుంది. ప్రపంచంలో తయారయ్యే తోలులో అధిక భాగం క్రోమియం లవణాలతో, ఒకటి రెండు రోజుల్లోనే ఊనేది. అది నీటికి బాగా తట్టుకుంటుంది, మెత్తగా ఉంటుంది, కాస్త సాగుతుంది. చెట్ల బెరడుతో, కాయలతో ఊనే పాత పద్ధతికి వారాలు పడుతుంది. ఆ తోలు బిగువుగా, బెల్టుకు తగినంత గట్టిగా ఉంటుంది. దక్షిణ భారతంలో ఈ పనికి తరతరాలుగా వాడినవి తంగేడు చెక్క, తుమ్మ చెక్క (చెక్క అంటే ఇక్కడ బెరడే), కరక్కాయ. తూర్పు కనుమల అడవుల్లో గిరిజనులు ఏరే కరక్కాయను కొనుగోలు చేసే గిరిజన సహకార సంస్థ 1956లో ఏర్పడింది, దాని ప్రధాన కార్యాలయం విశాఖపట్నంలోనే ఉంది. చెక్కతో ఊనిన తోలుకు ఒక బలహీనత ఉంది: తడిగా ఉన్నప్పుడు ఇనుము తగిలితే ఆ చోట నీలిమతో కూడిన నలుపు పడుతుంది, ఆ మచ్చ తేలిగ్గా పోదు. తోలులోని టానిన్, అంటే బెరడు నుంచీ కాయల నుంచీ వచ్చే వగరు పదార్థం, ఇనుముతో కలవడం దీనికి కారణం. కలంకారీ పనివారు కరక్కాయ నీళ్లలో ముంచిన బట్ట మీద ఇనుము ఊరబెట్టిన ద్రావణంతో నల్ల గీతలు రాబట్టేది సరిగ్గా ఈ చర్యతోనే. వారు కోరి తెచ్చుకునే నలుపు, తుప్పు పట్టిన బకిల్ ఉన్న బెల్టు మీద అడగకుండానే వస్తుంది.

ఇక్కడ ఒక భిన్నాభిప్రాయం చెప్పక తప్పదు. బెల్టుల గురించి ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చెక్కతో ఊనిన ఒకే ముక్క తోలుకే పట్టం కడతాయి. చల్లగా, పొడిగా ఉండే దేశాల్లో ఆ సలహా సరైనదే. విశాఖలో అటువంటి తోలు చెమటను పీల్చుకుంటుంది, త్వరగా నల్లబడుతుంది, వానాకాలంలో బూజును తేలిగ్గా రానిస్తుంది. గాలిలో తేమ 70 శాతం దాటి, గాలి ఆడని చోట ఉంటే తోలు మీద బూజు పట్టడానికి పెద్దగా వ్యవధి అక్కర్లేదు. రోజూ తుడిచి ఆరబెట్టే ఓపిక లేనివారికి క్రోమియంతో ఊనిన ఒకే ముక్క తోలు, లేదా రెండు పద్ధతులూ కలిపి ఊనినది, ఈ ఊళ్లో ఎక్కువ ఉపయోగం.

బకిల్ విషయానికి వస్తే, కంటికి వెండిలా కనిపించే బకిళ్లలో ఎక్కువ భాగం జింక్ మిశ్రమంతో పోతపోసినవి. ఆ మిశ్రమంలో సుమారు 96 శాతం జింక్, 4 శాతం అల్యూమినియం ఉంటాయి. 400 డిగ్రీల లోపే కరుగుతుంది కాబట్టి అచ్చుల్లో పోయడం తేలిక, ధర తక్కువ, ఎటువంటి నగిషీ అయినా వస్తుంది. దానిమీద రాగి, నికెల్, ఆపై క్రోమియం పూతలు వేస్తారు. పూతలో కంటికి కనిపించని సూదిమొన సందు ఒక్కటి ఉన్నా ఉప్పు తేమ అందులోంచి దిగి లోపలి జింక్‌ను తింటుంది. పైన పొక్కులు లేచి, అవి పగిలినచోట తెల్లటి పొడి రాలుతుంది. ముల్లు (చిల్లులో దూరే పుల్ల) చట్రానికి తగిలే చోట, అంటే రోజూ లోహం లోహాన్ని గీకే చోట, ఇది ముందుగా మొదలవుతుంది. ఇత్తడి బకిల్ పచ్చబడుతుంది గానీ లోపలి నుంచి గుల్లబారదు. చింతపండుతో రుద్దితే మళ్లీ మెరిసే లోహానికి పూత అవసరమే లేదు. స్టెయిన్‌లెస్ స్టీలులో సాధారణంగా దొరికే 304 రకం మీద సముద్రపు గాలికి టీ మరకల వంటి చారలు రావచ్చు. మాలిబ్డినం అనే లోహం కలిసిన 316 రకం ఇంకా బాగా తట్టుకుంటుంది. అయస్కాంతం పెట్టి చూసే పద్ధతి మామూలు ఇనుమును మాత్రమే పట్టిస్తుంది. జింక్, ఇత్తడి రెండూ అయస్కాంతానికి అంటుకోవు కాబట్టి ఆ రెండింటి తేడా తెలియాలంటే ముల్లు అడుగున, పూత అరిగేచోట, లోపలి రంగు చూడాల్సిందే.

బకిల్ లోహానికి చర్మంతో కూడా సంబంధం ఉంది. బొడ్డు కింద గుండ్రంగా ఎర్రబడి, దురద పెట్టి, తర్వాత నల్లగా గరుకుబారే మచ్చను చాలామంది చెమటకాయ అనో తామర అనో భావించి ఏదో ఒక మందు రాస్తూ ఉంటారు. చర్మవైద్యులు ఆ చోట మచ్చ చూడగానే మొదట అనుమానించేది బకిల్‌లోనో, జీన్స్ గుండీలోనో ఉన్న నికెల్‌ను. చెమటలోని క్లోరైడ్ నికెల్‌ను కరిగించి చర్మానికి చేరవేస్తుంది కాబట్టి ఉక్కపోత రోజుల్లో ఈ బాధ ఎక్కువవుతుంది. ఐరోపా సమాఖ్య 1994లోనే దీనిపై ఆంక్షలు తెచ్చింది: చర్మానికి ఎక్కువసేపు తగిలే వస్తువు నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాములకు మించి నికెల్ విడుదల కాకూడదు. డైమిథైల్‌గ్లయాక్సిమ్ అనే రసాయనాన్ని దూదితో బకిల్‌కు రుద్దితే, నికెల్ విడుదలవుతున్న పక్షంలో దూది గులాబీ రంగుకు మారుతుంది. దురద ఉన్నవారు బకిల్ వెనుక బట్ట అతికించుకోవడం తాత్కాలిక ఉపాయమే. చెమటకు ఆ బట్ట తడిస్తే నికెల్ దాన్ని దాటి వస్తుంది.

ఇంత బాధ్యత నెత్తిన వేసుకున్న ఈ వస్తువు మగవారి దుస్తుల్లో నిత్యావసరంగా మారి సుమారు వందేళ్లే అయింది. మొలతాడు, పంచె కట్టు, ఆడవారి వడ్డాణం నడుముకు సంబంధించినవే అయినా, ప్యాంటు లూపుల్లో దూర్చే పట్టీ వేరే సంప్రదాయం నుంచి వచ్చింది. 19వ శతాబ్దపు ప్యాంట్లు బొడ్డుకు పైదాకా ఉండి, భుజాల మీదుగా వచ్చే పట్టీలకు వేలాడేవి. బెల్టు అప్పట్లో సైనికుల వస్తువు. బ్రిటిష్ ఇండియా సైన్యంలో పనిచేసిన శామ్యూల్ బ్రౌన్ 1858లో యుద్ధంలో ఎడమ చేయి కోల్పోయాక, ఒంటిచేత్తో కత్తి దూయడానికి వీలుగా భుజం మీదుగా అడ్డపట్టీ ఉన్న బెల్టును రూపొందించాడని ప్రసిద్ధి; పోలీసు అధికారుల యూనిఫాంలో ఆ నమూనా నేటికీ ఆయన పేరుతోనే కనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ప్యాంటు నడుము కిందికి దిగింది, బెల్టుకు అలవాటుపడిన సైనికులు ఇళ్లకు చేరారు. లెవీస్ సంస్థ తన జీన్స్‌కు లూపులు కుట్టడం మొదలుపెట్టింది 1922లో.

నౌకాదళ తూర్పు కమాండ్, ఓడరేవు, షిప్‌యార్డు, ఉక్కు కర్మాగారం, లెక్కకు మిక్కిలి బడులు ఉన్న విశాఖ యూనిఫాంల నగరం. యూనిఫాంలలో కనిపించే నేసిన పట్టీ బెల్టు పౌర దుస్తుల్లో అంతగా ఆదరణ పొందకపోవడం ఆశ్చర్యమే. నూలు లేదా నైలాను దారంతో నేసిన ఈ పట్టీకి చిల్లులు ఉండవు, జారే బకిల్‌తో ఎక్కడ కావాలంటే అక్కడ బిగుస్తుంది, సబ్బునీళ్లతో ఉతికితే ఉప్పంతా పోతుంది. నూలు పట్టీ తడిగా మడిచిపెడితే ముక్కిపోతుంది. నైలానుకు ఆ ఇబ్బంది లేదు. ఆఫీసు ప్యాంటు మీద అది అంతగా నప్పదన్న అభ్యంతరాన్ని ఒప్పుకున్నా, జీన్స్ మీదా, కార్గో ప్యాంట్ల మీదా, బైకు మీద తిరిగే ఉద్యోగాల్లోనూ ఈ వాతావరణానికి ఇంతకన్నా తగిన బెల్టు కనిపించదు. జూన్‌లో బడులు తెరిచేముందు కొనే పిల్లల ఎలాస్టిక్ బెల్టుల్లో మాత్రం రబ్బరు దారం చెమటకూ ఎండకూ సాగుడు గుణం కోల్పోతుంది. వచ్చే ఏడాదికీ పనికొస్తుందని రెండు సైజులు పెద్దది కొనడం వల్ల లాభం ఉండదు, ఎందుకంటే బిడ్డ ఎదిగేలోపే ఎలాస్టిక్ వదులైపోతుంది.

కొలత గురించి చెప్పుకోవాల్సింది కొంచెమే. బెల్టు సైజును బకిల్‌కు పట్టీ మడతపడే చోటు నుంచి మధ్య చిల్లు వరకు కొలుస్తారు. ఐదు చిల్లులుంటే మూడోది నడుముకు సరిపోవాలి. ప్యాంటు 34 అయితే బెల్టు 36 తీసుకోవడం వాడుక. వెడల్పు ఆఫీసు ప్యాంట్లకు 30 నుంచి 35 మిల్లీమీటర్లు, జీన్స్‌కు 38 నుంచి 40. బిగింపు అసలు ఇబ్బంది. పొట్ట పెరిగినవారు బెల్టును మునుపటి చిల్లు దగ్గరే బిగిస్తే కడుపులో ఒత్తిడి పెరిగి ఆమ్లం పైకి ఎగదన్నుతుంది; నడుము పక్కగా తొడలోకి దిగే నరం నొక్కుకుపోతే తొడ బయటివైపు తిమ్మిరి, మంట వస్తాయి. వాకీటాకీ, తాళాల గుత్తి, టార్చి అన్నీ బెల్టుకే తగిలించుకునే భద్రతా సిబ్బందికి ఈ బాధ త్వరగా వచ్చే అవకాశం ఉంది. పట్టీ ఎంత సన్నదైతే ఒకే బిగింపుకు చర్మం మీద పడే ఒత్తిడి అంత ఎక్కువ. చీర కింద సన్నని నాడా బిగించి కట్టుకునే ఆడవారి నడుము మీద ఏళ్ల తరబడి మానని గాడి ఏర్పడడం కూడా ఇందువల్లే.

పాతిక మిల్లీమీటర్లకో చిల్లు ఉండే బెల్టులో ఒక చిల్లు బిగుతు, తర్వాతిది వదులు అయ్యే అవస్థకు పరిష్కారంగా వచ్చినవి ఆటోలాక్ బెల్టులు. పట్టీ వెనుక పళ్ల వరుస, బకిల్‌లో స్ప్రింగుతో పనిచేసే పట్టు ఉంటాయి. ఆరేడు మిల్లీమీటర్ల మేర కూడా సర్దుకోవచ్చు. ఆలోచన మంచిదే. ఉప్పుగాలిలో బలహీనపడేది ఆ స్ప్రింగు, అది తుప్పు పడితే పట్టు జారిపోతుంది. నలుపు, గోధుమ రెండు వైపులా వాడుకునే తిప్పుడు బకిళ్లదీ ఇదే గొడవ: తిరిగే ఇరుసు వదులై, బెల్టు ఇంకా బాగుండగానే బకిల్ చేతికొస్తుంది. లోహంలో కదిలే భాగాలు ఎన్ని తక్కువుంటే తీరప్రాంతంలో అంత నయం.

సంరక్షణకు పెద్ద సరంజామా అక్కర్లేదు. విప్పిన వెంటనే బెల్టును ప్యాంటు లూపుల్లోనే వదిలేయకుండా బయటకు తీసి, తడిపి గట్టిగా పిండిన గుడ్డతో లోపలివైపూ బకిల్ వెనుకా తుడిచి, నీడలో వేలాడదీస్తే చెమట ఉప్పు పేరుకోదు. చుట్టచుట్టి ప్లాస్టిక్ కవరులో పెట్టడం, ఎండలో ఆరబెట్టడం రెండూ తోలుకు హానే. కొబ్బరినూనె రాస్తే మెరుపు వస్తుంది కానీ తోలు అతిగా మెత్తబడి చిల్లులు సాగుతాయి. మైనం కలిసిన పాలిష్ పలుచగా రాయడం మేలు. రెండు బెల్టుల్ని రోజు విడిచి రోజు వాడితే ఒక్కోదానికి పూర్తిగా ఆరే వ్యవధి దొరుకుతుంది.

మరమ్మతుకు లొంగడం, లొంగకపోవడం కూడా నిర్మాణాన్ని బట్టే ఉంటుంది. ఒకే ముక్క తోలు బెల్టుకు చెప్పులు కుట్టే పనివారు కొత్త చిల్లు కొట్టగలరు, బకిల్ దగ్గర మడత చిరిగితే అంత మేర కోసేసి మళ్లీ మడిచి నైలాను దారంతో కుట్టగలరు, పట్టీ పోతే ఇత్తడి బకిల్‌ను కొత్త పట్టీకి వేయగలరు. బకిల్‌ను కుట్టుతో కాకుండా మరతో బిగించిన బెల్టు అయితే ఆ పని ఇంట్లోనే స్క్రూడ్రైవర్‌తో అయిపోతుంది. పెచ్చులు లేచిన పొరల బెల్టును తీసుకెళ్తే మాత్రం వారు తిప్పి చూసి వెనక్కి ఇచ్చేస్తారు: జిగురు పెట్టి అతికించినా కింది అట్ట అప్పటికే నాని ఉంటుంది, కుట్టు వేయడానికి సూది దిగినచోటల్లా పూత చీలుతుంది.